ఏడో సంచిలోని పెంటికలు

నేను చెబుతుంటే రాస్తున్నది ఆ ల్యాబు పిల్లే. నాకు సంతకం వస్తుంది, అంకెలు వస్తాయి, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను. అంతకు మించి రాదు. నా మాటను పుస్తకం మాటగా దిద్దుకుంటానంది, సరేనన్నాను. మనుషులు అన్నది మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. తనను తిట్టిన చోట కూడా కొట్టేయనని మాట తీసుకున్నాకే మొదలుపెట్టాను.

మాది పట్నంలో ఛత్రినాక. సందు చివర రేకుల ఇల్లు, దాని పక్కన మేకల దొడ్డి. మా ఆయన పోయి నాలుగేళ్లు. ఇద్దరం కలిసి చేసిన పని ఇప్పుడు ఒక్కదాన్నే చేస్తున్నాను. పొద్దున పాలు పిండాలి, చాంద్రాయణగుట్ట వైపు ఖాళీ జాగాల్లో మేపుకు రావాలి, నెలకోసారి ఉస్మాన్‌గంజ్ పోయి ఆటోలో తవుడు తెచ్చుకోవాలి. పదకొండు మేకలు. వాటిలో ఎర్రమేక అంటే నాకు ప్రాణం. మా ఆయన చివరిసారిగా చేతుల్లోకి తీసుకున్న పిల్ల అది. దాని తల్లి ఈనలేక అవస్థ పడుతుంటే ఆయనే లాగి, మూతి తుడిచి, ముక్కులో ఊది బతికించాడు. పెద్దదయ్యాక మందకు అదే ముందు నడిచేది. అది కదిలితేనే మిగతావి కదిలేవి. నాకు కర్ర పట్టుకునే పని ఉండేది కాదు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. వాన పడితే మేకలకు నట్టలు పడతాయి, అది కొత్త సంగతి కాదు. నట్టలంటే కడుపులో చేరి రక్తం తాగే దారాల్లాంటి పురుగులు. మేక తింటూనే ఉంటుంది, ఎముకలు తేలుతూనే ఉంటాయి. దవడ కింద నీళ్లు చేరి సంచిలా వేలాడుతుంది. కంటి కింది రెప్పను బొటనవేలితో లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన లోపలి వైపు కాగితంలా తెల్లగా ఉంటుంది. అప్పుడు తెల్లటి నట్టల మందు నోట్లో పోస్తాం. పది రోజుల్లో తేరుకుంటాయి. మా ఆయన ఉన్నప్పుడు అలాగే తేరుకున్నాయి.

ఆ ఏడు పోశాను, తేరుకోలేదు. మళ్లీ పోశాను. ఇంకో దుకాణంలో సీసా తెచ్చి పోశాను. రెండు పిల్లలు చచ్చిపోయాయి. ఎర్రమేక కడుపుతో ఉంది, దాని దవడ కింద కూడా నీళ్లు చేరాయి. మందు నకిలీదని దుకాణంవాడి మీద అరిచాను. వాడు సీసా మూత తీసి నా ముందే వాసన చూసి, "మందు మంచిగనే ఉన్నదక్కా, నీ మేకలే జిద్దు పట్టినయి" అన్నాడు.

పశువుల దవాఖానలో చెప్పుకుంటే అక్కడి డాక్టరు ఎవరికో ఫోన్ చేశాడు. వారానికి ఈ ల్యాబు పిల్ల వచ్చింది. గుంటూరు వైపు పిల్ల. భుజానికి డబ్బా, చేతిలో ప్లాస్టిక్ సంచులు.

"అమ్మా, మీ మేకల పెంటికలు కావాలండీ."

"ఎన్నన్న తీస్కపో బిడ్డా. తోటున్నదా?"

"తోటకి కాదండీ, చదువుకి."

"మీ కాలేజిల పెంటికలు చదువుతరా?"

"చదివేది వాటినేనండీ" అని నవ్వింది. "మొత్తం ఎన్ని మేకలు?"

"పదకొండు."

ఒక్కోదాని మెడకు ఒక్కో అంకె కట్టింది. ఎర్రమేకకు ఏడు వచ్చింది. అవే అంకెలున్న సంచులు నా చేతిలో పెట్టి, పొద్దున ఆరింటికి వస్తాను, అప్పుడే వేసిన పెంటికలు పట్టి ఉంచండి, ఏ మేకవి ఆ సంచిలోనే అని పదిసార్లు చెప్పి వెళ్లింది.

పొద్దున పది సంచులు నిండాయి. ఎర్రమేక ఒక్క పెంటిక వేయలేదు. తినడమే తగ్గింది, ఏం వేస్తుంది? దాని వెనక చేతులు చాపుకుని అరగంట కూర్చున్నాను. సందు మొదట్లో ఆటో ఆగింది. ఆ పిల్ల గొంతు వినబడుతోంది, ఆటోవాణ్ని ఆగమంటోంది. అంత దూరం నుంచి వచ్చిన పిల్లను ఖాళీ సంచితో ఎలా పంపను? వెనక పెరట్లో కట్టేసి ఉన్న మేకపోతు అప్పుడే ఇన్ని పెంటికలు రాల్చింది. పొగలు వస్తున్నాయి. పెంటిక పెంటికే కదా, దాని మీద పేరుంటుందా అనుకుని ఏడో సంచి వాటితో నింపి ముడి వేశాను.

ఆ పోతు పదకొండులోది కాదు. దాని సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఏటా బోనాలకు అమ్మవారికి ఒక పోతును ఇస్తాం. పాలు మరవగానే, ఇంకా మందతో గడ్డి కొరకకముందే ఒక మగపిల్లను వేరు చేసి వెనక పెరట్లో కడతాం. అక్కడ పోచమ్మ రాయి ఉంది, కారే కుళాయి ఉంది, దాని తడికి ఎప్పుడూ గడ్డి ఉంటుంది. ఇంకో పశువు అక్కడ అడుగు పెట్టదు. అమ్మవారికి మొక్కిన దాని నోట్లో దుకాణం మందు పోయకూడదని మా అత్త నియమం. రోగం వస్తే వేపాకు, పసుపు. అంతే. దాన్ని మాదని లెక్కలో చెప్పం. ఎవరు ఎన్ని మేకలని అడిగినా దాన్ని వదిలేసే చెబుతాం. ఆ పిల్ల అడిగినప్పుడు నేను అబద్ధం ఆడలేదు. అబద్ధం ఏడో సంచిలో ఆడాను.

ఇరవై రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి అరుగు మీద కూర్చుని చాయ్ తాగింది. పెంటికలను ఏం చేశావని అడిగాను. సీసాలో తడిగా, వెచ్చగా వారం రోజులు ఉంచితే వాటిలోని గుడ్లు పగిలి కంటికి ఆనని పిల్లపురుగులు బయటికి పాకుతాయట. వాటిని చిదిపి, లోపలి జన్యువు తీస్తారట. తల్లి నుంచి బిడ్డకు వచ్చే గుణమంతా దానిలోనే ఉంటుందట. అది ఎంతుంటుంది? కంటికి కూడా కనబడదు. అందుకని యంత్రంలో పెట్టి వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేసి, ఒకటిని రెండుగా, రెండును నాలుగుగా నకళ్లు తీస్తారట. జిరాక్స్ దుకాణం అన్నమాట.

"ఎందుకు బిడ్డా గింత తిప్పలు?"

"మందు వెళ్లి పురుగు ఒంట్లో ఒక చోట పట్టుకుంటుందండీ. కొన్ని పురుగుల్లో ఆ చోటు కొంచెం మారి ఉంటుంది. వాటిని మందు పట్టుకోలేదు. ఆ మార్పు ఉందా లేదా అని చూస్తాం."

మా మేకలు పక్కవాళ్ల మందలో కలిసిపోకుండా చెవి కొంచెం కోసి గుర్తు పెడతాం. నాకు అది తట్టింది.

"అంటే చెవికోత లెక్కనా?"

"అలాంటి గుర్తే అనుకోండి. ఆ గుర్తున్న పురుగుకి గుర్తున్న పిల్లలే పుడతాయి."

"గట్లెట్ల? చెవి కోసిన మేకకు కోసిన చెవితోని పిల్ల పుడుతదా?"

ఆ పిల్ల చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"పుట్టదండీ. నేనే తప్పు చెప్పాను. కోత కాదు, రంగు. నల్లమేకకి నల్లపిల్ల పుట్టినట్టు."

రంగు అనగానే నాకు మా మంద గుర్తొచ్చింది. బోనాలకు అందరికీ నల్లపోతే కావాలి. మా ఆయనా నేనూ నల్లవి పుట్టినవి పుట్టినట్టే ఇచ్చేశాం. నల్లవాటికే గిరాకీ అని నల్ల మేకలను కూడా అడిగినవాళ్లకు తోలేశాం. పదేళ్లు గడిచేసరికి మంద అంతా ఎరుపూ తెలుపూ అయింది. ఎవరూ మేకలకు రంగు వేయలేదు. నల్లవి పోయాయి, మిగిలినవి పిల్లల్ని పెట్టాయి. అదే చెప్పాను.

"అంటే మీ మందు బోనాల బేరగాని లెక్క. వాడు పట్టుకునేదాన్నంత పట్టుకపాయె. దొరకని ముండలు మిగిలి సంసారం చేసినయి."

"అంతేనండీ! అచ్చంగా అంతే" అని గబగబా ఏదో రాసుకుంది. తర్వాత మందు ఎంత పోసేవారని అడిగింది.

"చాయ్ గ్లాసుకు గీత పెట్టుకున్న. అందరికి బరాబర్."

"పెద్దమేకకీ పిల్లకీ ఒకటేనా?"

"తల్లికి ఎక్కువ, బిడ్డకు తక్కువ పోస్తే ఇమానం ఉంటదా?"

"పెద్దదానికి సగం మందే పడిందండీ. చావాల్సిన పురుగుల్లో గట్టివి తట్టుకుని మిగిలాయి."

న్యాయం చేస్తున్నాననుకుని ఏళ్ల తరబడి నట్టలను పెంచుకున్నాను. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. చీకటి పలక మీద తెల్లటి గీతలు, పదకొండు వరసలు. పది వరసల్లో గీత ఒకే ఎత్తులో ఉంది. ఏడో వరసలో కిందికి ఉంది. చదువు అక్కర్లేదు, గుడ్డిదానికి తప్ప ఎవరికైనా కనబడుతుంది.

"పది మేకల్లో పురుగులు తెల్లమందుకి లొంగవు. వాటికి వేరే జాతి మందు ఇస్తాను, పసుపురంగుది. ఏడో దాని పురుగులు మాత్రం పాత మందుకే చస్తాయి. చూశారా, ఎంత వింతగా ఉందో! ఒకే మంద, ఒకే మేత."

"దానికి సుత పసుపుదే పోద్దాం, ఒక్కపారి అయిపోతది."

"వద్దండీ. అవసరం లేనిచోట కొత్త మందు పోస్తే దాన్ని కూడా పోగొట్టుకుంటాం. ఎర్రదానికి తెల్లదే, బరువు చూసి సరిగ్గా పోద్దాం."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అమ్మవారి పోతు పెంటికలు యంత్రంలో వేయించానని తెలిస్తే మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, సందంతా లేపుతుంది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉంటే మధ్యలో ఎలా ఆపను? ఇంకోటి కూడా ఉంది. యంత్రం చెప్పింది నిజమైపోతే బాగుండునని, సరిగ్గా పోస్తే తెల్లమందే పని చేస్తుందేమోనని ఆశపడ్డాను. ఎర్రమేకకు తెల్లమందు పోస్తుంటే దాని దవడ పట్టుకున్నది నేనే.

పది రోజుల్లో పది మేకల రెప్పలు రంగు తిరిగాయి. దొడ్డిలో తవుడు కోసం కొట్లాటలు మొదలయ్యాయి. ఎర్రమేక దవడ కింది సంచి ఇంకా దిగింది. మందకు ముందు నడిచేది చివర పడింది. నేను వెనక్కి వెనక్కి చూసుకుంటూ నడిచాను. ఒకరోజు గుట్ట దగ్గర కూర్చుండిపోతే భుజాన వేసుకుని తెచ్చాను. కడుపులో పిల్ల నా వీపు మీద కదిలింది.

ల్యాబు పిల్ల వచ్చి ఎర్రమేక రెప్ప లాగి చూసింది. ఆమె దగ్గర ఒక అట్ట ఉంది, దాని మీద ఎరుపు నుంచి తెలుపు దాకా అయిదు రంగులు. ఒకటి మంచిది, అయిదు చెడ్డది. ఎర్రమేకది అయిదు. ఆ పిల్ల అరుగు మీద కూలబడింది.

"ఎక్కడో నేనే తప్పు చేశానండీ. సంచులు నా చేతుల్లోనే తారుమారై ఉంటాయి. లేదా యంత్రమే తప్పేమో. మొత్తం మళ్లీ మొదటినుంచి చేయాలి."

"మల్ల చేస్తే ఎన్ని దినాలు?"

"మూడు వారాలు."

ఎర్రమేక గోడకు తల ఆనించి నిలబడి ఉంది. దానికి మూడు వారాలు లేవు. అది నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

"బిడ్డా, నీ మిషన్ మంచిగనే ఉన్నది" అన్నాను. "సంచే కరాబు. ఏడో సంచిల ఉన్నయి దీనియి గావు. గా పొద్దు ఇది వెయ్యలే. నువ్వు ఉత్తగ పోతవని పోతుయి ఏసిన."

"ఏ పోతు?"

"పెరట్ల ఉన్నది."

"పదకొండే అన్నారుగా!"

"గది నాది గాదు. అమ్మోరిది. అమ్మోరిదాన్ని నా లెక్కల ఎట్ల చెప్త?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "నన్ను నేనే అనుమానించుకుంటున్నానండీ పొద్దున్నుంచీ. మీరు చూస్తూ కూర్చున్నారు."

"కొట్టు. చెప్పు తీసి కొట్టు."

"ముందు మేకని పట్టుకోండి" అంది. అంతే అంది. బరువు అంచనా వేసి, పసుపుమందు సూది లేని సిరంజిలోకి లాగి, ఎర్రమేక నాలుక వెనక పోసింది. పోసిన తర్వాత కూడా దాని గొంతు నిమురుతూ కొంచెంసేపు కూర్చుంది. ఆలస్యమైందా అని అడిగాను. తెలియదంది. నాకు ఓదార్పు మాట చెప్పనందుకు అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు.

తర్వాత లేచి, "ఇప్పుడు ఆ పోతుని చూపించండి" అంది. గొంతు మారింది. కోపం ఉంది, కానీ దాని కింద ఇంకేదో ఉంది. మొదటిరోజు డబ్బాతో వచ్చినప్పుడు ఉన్నదే.

పెరట్లోకి పోగానే గడ్డి ముందు గొంతుక్కూర్చుంది. పోతు ఎక్కడ పుట్టింది, ఎప్పుడు కట్టారు, అంతకు ముందు కట్టినది ఎక్కడిది, దాని ముందుది ఎక్కడిది అని ఒకటే ప్రశ్నలు. అంతలో మా ఆడబిడ్డ పోచమ్మకు దీపం పెట్టడానికి వచ్చింది.

"ఎవలే చెప్పులేసుకొని లోపల్కి వచ్చింది? ఏందే గీ లొల్లి?"

ఆ పిల్ల చెప్పులు విప్పి గోడ అవతలకు విసిరేసింది. "పెద్దమ్మా, ఇక్కడ పోతులకి మందు పోయక ఎన్నాళ్లయింది?"

"మా అమ్మ కాపురానికి వచ్చినప్పటి సంది పొయ్యలే. పోస్తే కండ్లు పోతయి."

"అయితే ఈ పురుగులు అప్పటివేనండీ" అని నా వైపు తిరిగింది. "పోతు పెంటికలు ఇదే గడ్డిలో పడతాయి. పురుగులు గడ్డి ఎక్కుతాయి. పోతు మళ్లీ అదే గడ్డి తింటుంది. అది పోగానే ఇంకో పోతు ఇదే గడ్డి మీదికి వస్తుంది. బయటి పురుగు రాలేదు, మందు చూడలేదు. ఊరంతా తిరిగాను, ఎక్కడ తీసినా మందు రుచి ఎరిగినవే. పక్కన పెట్టి పోల్చుకోవడానికి మందు ముట్టని పురుగు ఒక్కటి దొరకలేదు. పోలిక లేకపోతే ఏది ఎప్పుడు మారిందో ఎలా చెప్పను?"

మా ఆడబిడ్డ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మా అమ్మ నా చెవులకు కమ్మలు ఇడ్సిపెట్టలే. నట్టలు ఇడ్సిపెట్టిందా?"

"మస్తు విలువైన నట్టలు వదినె" అన్నాను. చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

అసలు లొల్లి ఆ తర్వాత మొదలైంది. పెద్దపురుగులు కావాలంటే పోతు కడుపు కావాలి. బోనాల నాడు కోసిన పోతులో తల, కాళ్లు ఎవరివో, కడుపు ఎవరిదో మా ఇంట్లో పంపకం ఉంది. కడుపూ పేగులూ, అంటే బోటి, ఆడబిడ్డ వాటా. ఆ పిల్ల పోయి ఆమెనే అడిగింది.

"నా బోటి నీకిస్తే నేనేం తినాలె? నట్టలు తినాల్నా?"

"నట్టలు నేను తీసుకుని బోటి మీకు ఇచ్చేస్తానండీ."

"అమ్మోరి బోటిల నట్టలుంటయా? ముప్పయేండ్ల సంది వండుతున్న, నాకు ఒక్కటి కనవడలే."

"అందుకే చూద్దాం రండి పెద్దమ్మా. లేకపోతే నేనే ఓడిపోయినట్టు."

ఆ పందెం మాటకు మా ఆడబిడ్డ ఒప్పుకుంది. దేవుడి పేరు చెప్పి ఒప్పించలేం ఆమెను, చదువు పేరు చెప్పీ ఒప్పించలేం. ఓడిస్తానంటే మాత్రం నిలబడుతుంది.

బోనాల ఆదివారం సందంతా డప్పులు. ఇంటి ముందు పని అయ్యాక కటికాయన కడుపు తీసి తాంబాళంలో పెట్టాడు. ఆ పిల్ల గోరువెచ్చటి ఉప్పునీళ్లు ఫ్లాస్కులో తెచ్చుకుంది. కడుపు చివరి తిత్తిని కత్తెరతో చీల్చి నీళ్లలో పరిచింది. ముగ్గురం తలలు ఆనించి చూశాం. మొదట ఏం కనబడలేదు. మా ఆడబిడ్డ గెలిచినట్టు మూతి తిప్పబోయింది. అంతలో నీళ్లలో ఒక దారం మెలిక తిరిగింది. ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు ఉంది. ఆ పక్కన ఇంకోటి. కాసేపటికి పదో పదిహేనో.

"ఛీ! గివి కడిగి తిన్ననా నేను ముప్పయేండ్లు?"

"కడిగే తిన్నవు గదా వదినె."

"నోర్మూయ్" అంది కానీ కళ్లు తిప్పలేదు. "తాడు మంచిగ పేనిండే దేవుడు" అని గొణిగింది.

నాకూ కళ్లు తిప్పబుద్ధి కాలేదు. నా పిల్లల్ని రెండింటిని చంపినవీ ఇలాంటివే. కానీ ఇవి వాటి పాత చుట్టాలు. మందు అంటే ఏమిటో ఎరగనివి. మా అత్త ఏ చదువూ లేకుండా భయంతో పెట్టిన నియమం వల్ల మిగిలాయి. వీటిని మా మందలో కలిపితే మందుకు లొంగే సంతానం మళ్లీ పుడుతుందా అని అడిగాను. ఆ పిల్ల చేతి పని ఆపింది. కొన్నిచోట్ల అలా ప్రయత్నించారట, కానీ తెలియకుండా చేస్తే మేకలు చస్తాయి, మీరు మాత్రం మీ అంతట చేయొద్దండీ అని నా చేతి మీద చెయ్యి వేసి మరీ చెప్పింది. ఇక మీదట మేకకో కొలత, పిల్లకో కొలత, రెప్ప మంచిగా ఉన్నదానికి అసలు పోయొద్దని కూడా చెప్పింది. రెప్ప లాగి చూడడం నాకు ముందే వచ్చు. ఆగడం నేర్చుకోవాలి.

పురుగులను చిన్న గొట్టాల్లో వేసి మూతలు పెట్టాక, చేతులు కడుక్కుని దొడ్డిలోకి వచ్చింది. నేను ఎర్రమేక తల పట్టుకున్నాను. రెప్ప లాగి అట్ట పక్కన పెట్టింది.

"ఎంత?"

"నాలుగు... కాదు, మూడు. మూడుకి దగ్గర."

"ఒకటికి ఎప్పుడొస్తది?"

"చూద్దాం."

"చూద్దాం ఏంది? చెప్పు."

"చూద్దామండీ" అంది మళ్లీ. ఈసారి కోపం రాలేదు.

పండగైనా మేకలకు మేత తప్పదు. కటికాయన కత్తులు కడుక్కుంటుండగా తడిక తీశాను. డప్పులకు బెదిరి మేకలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ సందులో పడ్డాయి. కర్ర పట్టుకుని వాటి వెనక నడుస్తూ, అలవాటుగా ఎర్రమేక కోసం వెనక్కి తిరిగాను. వెనక లేదు. మళ్లీ ముందుకు చూశాను. మెడలో ఏడు అంకె ఊగుతూ, మంద మధ్యలో నడుస్తోంది.